పొగ దారంలా లేచి, ఎందుకు చెదురుతుంది?

బోధన్ నుంచి ఒక చిన్నారి అడిగింది: "మా ఇంట్లో అగరుబత్తి పొగ జానెడు ఎత్తు వరకు దారంలా లేచి, తర్వాత మెలికలు తిరుగుతుంది. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ గొట్టం పొగ మాత్రం బయటికి రావడమే సుడులతో వచ్చేదని తాతయ్య అంటాడు. ఎందుకు?" ఆ ఫ్యాక్టరీ, అంటే నిజాం షుగర్స్, 2015 చివర్లో మూతపడింది. చూడని పొగ గురించి ఇంత మంచి ప్రశ్న!

ముందు బెల్లం పొయ్యి దగ్గరికి పోదాం. చెరుకు రసాన్ని గరిటెతో తిప్పి వదిలేస్తే సుడి కాసేపు తిరుగుతూనే ఉంటుంది. అదే రసం పాకమయ్యాక, గరిటె ఆగగానే సుడీ ఆగిపోతుంది. అంటే చిక్కదనం సుడిని అణుస్తుంది. వేగం, వెడల్పు దాన్ని ఎగదోస్తాయి. 1883లో మాంచెస్టర్‌లో ఆస్బర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టంలో నీళ్లు పారించి, నడిమధ్యన సన్నని రంగు గీత వదిలి ఈ పోటీని కళ్లకు కట్టాడు. ఎవరిది పైచేయో చెప్పే లెక్కనే రేనాల్డ్స్ సంఖ్య అంటాం. గొట్టంలో అది సుమారు 2,000 దాటితే గీత చెదరడం మొదలవుతుంది. అగరుబత్తి కొస దగ్గర ఈ సంఖ్య చిన్నది. పొగ పైకి పోయేకొద్దీ పెరుగుతుంది. ఫ్యాక్టరీ గొట్టం అంత వెడల్పుంటే లోపలే లక్షల్లో ఉంటుంది.

మరి శాస్త్రవేత్తలు ఈ కల్లోలాన్ని గదిలో ఎలా పుట్టిస్తారు? ఫ్యాన్ చాలదా? చాలదు. ఫ్యాన్ గాలిలో రెక్కల మెలిక ఉంటుంది, ఏ సుడి ఎక్కడిదో తేలదు. అందుకే గాలి సొరంగం అనే పొడవాటి గొట్టంలో ముందు గాలిని బుద్ధిగా నడిపించాలి, తర్వాతే చెడగొట్టాలి. తేనెపట్టులాంటి గదుల్లోంచి పంపితే మెలిక పోతుంది. సన్నని జాలీలు హెచ్చుతగ్గులను సరిచేస్తాయి. ఆపై సొరంగం ఇరుకవుతుంది. మూతి వైశాల్యం తొమ్మిదో వంతైతే వేగం తొమ్మిదింతలు. అప్పుడు అడ్డంగా కడ్డీల చట్రం పెడతారు. ప్రతి కడ్డీ వెనకా సుడులు పుట్టి, కలిసి, పోనుపోను చల్లారిపోతాయి.

కంటికి కనబడని సుడిని కొలిచేది వేడి తీగ. వెంట్రుకలో పదో వంతు కన్నా సన్నని టంగ్‌స్టన్ తీగను కరెంటుతో వేడి చేస్తారు. గాలి వేగం పెరిగితే ఎక్కువ చల్లబడుతుంది, ఊదితే చాయ్ చల్లారినట్టే. ఆ మార్పును సెకనుకు వేలసార్లు నమోదు చేస్తారు. మన శ్రీహరికోట అంతరిక్ష కేంద్రానికి ఎవరి పేరుందో ఆ సతీశ్ ధవన్, బెంగళూరులో శిష్యుడు రొద్దం నరసింహతో కలిసి, బుద్ధైన గాలి ఎక్కడ అదుపు తప్పుతుందో పరిశోధించి 1958లో ప్రచురించారు.

నువ్వూ ఒక చిన్న గాలి సొరంగం చేయొచ్చు. రెండు వైపులా తెరిచిన అట్టపెట్టె ఒక మూతిలో చెరుకు రసం బండి దగ్గరి స్ట్రాలు ఒత్తుగా పేర్చు. రెండో మూతికి గాలిని బయటికి లాగేలా చిన్న ఫ్యాన్ బిగించు. పక్కన అమ్మనో నాన్ననో ఉంచుకొని, స్ట్రాల ముందు అగరుబత్తి పట్టు. పైన ఒక కిటికీ కోసి, దానికి పారదర్శక కవరు అతికించి చూడు. పొగ గీతకు అడ్డంగా లోపల ఒక పెన్సిల్ నిలబెడితే, దాని వెనక ఏం జరుగుతుందో నాకు రాసి పంపు.