జీవాల బండికి కాగితం, జాగా రెండూ ముఖ్యమే

నాయుడుపేట: పొట్టేళ్లు అమ్ముకోవడానికో, మేలుజాతి పిల్లలు తెచ్చుకోవడానికో మన ప్రాంతంలో గొర్రెలు, మేకల పెంపకందార్లు ఏడాది పొడవునా బండ్లు మాట్లాడుకుంటూనే ఉంటారు. రెండు ట్రిప్పులైతే బాడుగ ఎక్కువవుతుందని, ఉన్నవన్నీ ఒకే బండిలో కుక్కేయడం చాలామందికి అలవాటు. తీరా దించే చోట ఒక్క గొర్రె చచ్చి పడున్నా, మిగిలిందనుకున్న బాడుగకు ఎన్నో రెట్లు పోయినట్టే. దారిలో బండి ఆపి కాగితాలు అడిగితే అది ఇంకో తంటా. ఈ రెండూ రాకుండా ముందే ఏం చేసుకోవాలో చూద్దాం.

మూడు వారాల ముందు

పారుడు రోగం (పీపీఆర్) మన దేశంలో మొదట 1987లో తమిళనాడులో బయటపడింది. ఒక మందలోంచి ఇంకో మందలోకి జీవాలతోనే ఇది పాకుతుంది. టీకా వేసిన వెంటనే రక్షణ రాదు, రెండు మూడు వారాలు పడుతుంది. కాబట్టి ప్రయాణానికి కనీసం మూడు వారాల ముందే టీకా వేయించాలి. బండెక్కించే రోజు వేయిస్తే దారిలో అక్కరకు రాదు.

కాగితాలు

జంతువుల రవాణా నిబంధనలు 1978లో వచ్చాయి. వాటి ప్రకారం జీవాలు ప్రయాణానికి తగినట్టు ఉన్నాయని, అంటురోగాలు లేవని పశువుల డాక్టరు ఇచ్చిన ధ్రువపత్రం బండిలో ఉండాలి. అది లేకపోతే బండివారు ఎక్కించుకోకూడదు. రవాణాకు ముందు అధీకృత అధికారి ధ్రువపత్రం కూడా తీసుకోవాలని 2001లో ఇంకో నిబంధన చేర్చారు. అది ఎవరిస్తారో పశువైద్యశాలలోనే అడిగి తెలుసుకోండి. పంపేవారు, అందుకునేవారి పేర్లు, చిరునామాలు, ఫోను నంబర్లు, జీవాల సంఖ్య, వెంట ఉంచిన మేత వివరాలు ఎర్ర అక్షరాలతో రాసిన చీటీ కూడా ఉండాలి. సంతలో కొన్నవైతే రశీదు పారేయొద్దు.

ఎక్కించకూడనివి

ఈనిన 72 గంటలు దాటనివి, దారిలో ఈనేలా ఉన్నవి, జబ్బు పడినవి, కుంటివి, గుడ్డివి, బాగా చిక్కిపోయినవి ఎక్కించకూడదు. పొట్టేళ్లను ఆడవాటితో కలపొద్దు. గొర్రెలు, మేకలు వేర్వేరుగా పోవాలి. కొద్దిపాటివే ఉంటే ఒకే బండిలో మధ్యన అడ్డు కట్టుకోవచ్చు.

బండికి ఎన్ని?

మన నెల్లూరు జాతి గొర్రె పొడగరి. పెద్దది 30 కిలోలు దాటుతుంది. ఇలాంటి జీవానికి తల ఒక్కింటికి 0.3 చదరపు మీటరు జాగా ఉండాలని మోటారు వాహన నిబంధనలు చెబుతున్నాయి. అంటే సుమారు మూడుంపావు చదరపు అడుగులు. ఏడడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు ఉన్న చిన్న బండిలో 35 చదరపు అడుగులుంటాయి. అందులో పది గొర్రెలే పడతాయి. ఇరవై ఎక్కిస్తే ఒక గొర్రె జాగాలో రెండు నిలబడినట్టే. నాలుగున్నర, ఐదు టన్నుల లారీలోనైనా 40కి మించకూడదని 1978 నిబంధన.

కిక్కిరిసిన బండిలో ఒక గొర్రె కింద పడితే మళ్లీ లేవలేదు. మిగతావి దాన్ని తొక్కేస్తాయి. బ్రేకు వేసినప్పుడల్లా అన్నీ ముందుకు వచ్చి పడతాయి. అందుకే పెద్ద బండ్లలో రెండు మూడు మీటర్లకొక అడ్డు పెట్టాలి.

బండి తయారీ

బండి అడుగున కనీసం ఐదు సెంటీమీటర్ల మందాన, అంటే రెండంగుళాలు, వరిగడ్డి పరవాలి. కాళ్లు కట్టకూడదు. ఎక్కించడానికి, దించడానికి వాలుగా ఉండే బల్ల కావాలి. కాళ్లు పట్టి విసిరితే ఎముకలు విరుగుతాయి. దారికి సరిపడా మేత, నీళ్లు, గాయాలకు మందు వెంట ఉంచుకోవాలి.

బయలుదేరే ముందు గింజలు, కొత్త మేత పెట్టొద్దు, కడుపు ఉబ్బుతుంది. ఎండుమేత వేసి కడుపునిండా నీళ్లు తాపాలి. ఎండాకాలం రాత్రిగానీ తెల్లవారుజామునగానీ బయలుదేరాలి. పైన టార్పాలిన్ కట్టినా పక్కల గాలి ఆడాలి. బండి నడుస్తున్నప్పటికంటే ఎండలో ఆగి ఉన్నప్పుడే జీవాలకు ఎక్కువ ముప్పు. టిఫినుకు ఆగితే చెట్టు నీడన ఆపండి. మొదటి అరగంటకే ఒకసారి దిగి, పడినవి ఏమైనా ఉన్నాయేమో చూడాలి.

జరిమానా తక్కువే కదా అనుకోవద్దు

1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో మొదటిసారి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలే. అసలు దెబ్బ అది కాదు. జీవాలను పట్టుకుంటే కేసు తేలేదాకా సంరక్షణ కేంద్రంలో ఉంచుతారు. 2017 నిబంధనల ప్రకారం ఆ మేత, వైద్యం ఖర్చు యజమాని మీద పడుతుంది. పది గొర్రెలున్న చిన్న రైతు అది తట్టుకోలేడు.

దిగాక

ముందు నీళ్లు, తర్వాత ఎండుమేత ఇవ్వాలి. తెచ్చిన కొత్త జీవాలను మూడు వారాలు మందలో కలపకుండా వేరేగా కట్టాలి. తుమ్ము, పారుడు, జ్వరం కనిపిస్తే పశువైద్యశాలకు గానీ 1962 నంబరుకు గానీ వెంటనే చెప్పాలి. ఇంకో ట్రిప్పు బాడుగ దండగ అనుకోకుండా జీవాల ప్రాణానికి కట్టిన బీమా అనుకుంటే రైతుకు నష్టం ఉండదు.