అటక మీద పాత గ్రామఫోన్ రికార్డులున్నాయా? ఇంట్లో కంప్యూటర్‌తోనే కాపాడుకోవచ్చు.. ఆ ఒక్క తప్పు మాత్రం చేయొద్దు!

ఒకప్పుడు పల్నాడు ఊళ్లలో పెళ్లయినా, తిరునాళ్లయినా మైకు సెట్టు మోగాల్సిందే. నరసరావుపేట, మాచర్ల, గురజాల.. ఎక్కడైనా పెట్టెలో రికార్డు తిరిగితేనే పాట. క్యాసెట్ వచ్చింది, సీడీ వచ్చింది, ఇప్పుడంతా ఫోనే. ఆ రికార్డులు మాత్రం అటకెక్కాయి. వాటిలోని పాటను ఇంట్లో ఉన్న కంప్యూటర్‌తోనే ఫైల్‌గా మార్చుకోవచ్చు. పెద్ద స్టూడియో అక్కర్లేదు. కానీ తొందరపడితే ఉన్న గొంతు కూడా పోతుంది.

ఎందుకు ఆలస్యం చేయకూడదు?

మొదటి శత్రువు ఎండ. రెంటచింతల వేసవి గురించి పల్నాడులో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఎల్‌పీ రికార్డు వినైల్ ప్లాస్టిక్‌తో చేసింది. రేకుల కప్పు కింద అటక మీదో, ఎండలో ఆపిన కారులోనో ఉంచితే వంకర తిరుగుతుంది. ఆ తర్వాత సూది దానిపై సరిగా నడవదు. అంతకంటే పాతవైన 78 రికార్డుల సంగతి వేరు. అవి లక్కతో చేసినవి. చెయ్యి జారితే గాజు పలకలా పగులుతాయి.

పోతే దొరకనివీ ఉంటాయి. వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా శ్మశాన పద్యాలు హరిశ్చంద్ర నాటకం కాటి సీనులో ఊరూరా మోగాయి. అలాంటి నాటక పద్యాలు ఎన్నో రికార్డులుగా వచ్చాయి. పెద్ద సినిమా పాటలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. మరిచిపోయిన ఓ రంగస్థల నటుడి పద్యం దొరుకుతుందన్న గ్యారంటీ లేదు.

ముందు రికార్డు ఏ రకమో చూడాలి

లేబుల్‌పై 33, 45, 78 అని వేగం రాసి ఉంటుంది. నిమిషానికి అన్ని చుట్లు అని అర్థం. పది అంగుళాల 78 రికార్డులో ఒక పక్క సుమారు 3 నిమిషాల పాటే పడుతుంది. ఎల్‌పీలో ఒక పక్క 20 నిమిషాల పైనే వస్తుంది.

78 రికార్డు గాడి వెడల్పు. ఎల్‌పీ సూది కంటే దాదాపు మూడు రెట్లు లావు సూది కావాలి. సన్న సూది పెడితే గాడి అడుగున తిరిగి గరగర తప్ప పాట సరిగా రాదు. అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ చేపట్టిన 78 రికార్డుల ప్రాజెక్టులో ఒకే రికార్డును నాలుగు రకాల సూదులతో రికార్డ్ చేశారంటే సూది ఎంత ముఖ్యమో అర్థమవుతుంది.

తుడవడంలోనూ తేడా ఉంది. స్పిరిట్, శానిటైజర్ లాంటివి 78 రికార్డుకు అస్సలు తగలకూడదు. ఆల్కహాల్‌కు లక్క కరిగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌తో కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో గాడి వెంబడే తుడిచి, వెంటనే ఆరబెట్టాలి. లేబుల్ తడవకూడదు.

కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించాలి?

యూఎస్‌బీ ఉన్న టర్న్‌టేబుల్ అయితే నేరుగా కంప్యూటర్‌కు కలపొచ్చు. పాత టర్న్‌టేబుల్ అయితే మధ్యలో ఫోనో ప్రీయాంప్ ఉండాలి. రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి, సన్న శబ్దాలు పెంచుతారు. దాన్ని తిరిగి సరిచేసేది ఈ ప్రీయాంపే. అది లేకుంటే పాట పీలగా వినిపిస్తుంది.

సాఫ్ట్‌వేర్‌గా ఆడాసిటీ చాలు, ఉచితంగా దొరుకుతుంది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డ్ చేయాలి. సౌండ్ లెవల్ ఎంత గట్టి చోటైనా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోవాలి. లెవల్ దాటి శబ్దం చిట్లితే తర్వాత పూర్తిగా బాగుచేయడం కుదరదు. ఈ లెక్కన నిమిషానికి 17 ఎంబీ పైచిలుకు పడుతుంది. అంటే ఎల్‌పీ ఒక పక్కకు 350 ఎంబీ దాకా.

టర్న్‌టేబుల్‌లో 78 వేగం లేకున్నా చిన్న కిటుకుంది. సరైన సూది పెట్టి 45లో రికార్డ్ చేసి, ఆడాసిటీలో వేగాన్ని 78కి మార్చుకోవచ్చు.

ఆ ఒక్క తప్పు ఇదే

చాలామంది రికార్డ్ చేసిన ఫైల్‌నే శుభ్రం చేసి, దాన్నే సేవ్ చేసేస్తారు. అక్కడే దెబ్బతింటారు. ముందు గరగరతో సహా అసలు ఫైల్‌ను వేవ్ లేదా ఫ్లాక్ రూపంలో విడిగా దాచాలి. శుభ్రం చేసేది దాని కాపీని మాత్రమే.

టిక్‌టిక్‌మనే గీతల చప్పుడుకు క్లిక్ రిమూవల్ ఉంది. ఒకటీ అరా పెద్ద గీతను రిపేర్ ఆప్షన్‌తో సరిచేయొచ్చు. ఆగకుండా వచ్చే 'సర్ర్' శబ్దానికి నాయిస్ రిడక్షన్ వాడాలి. పాట మొదలవకముందు వినిపించే ఖాళీ గరగరను ఎంచుకుని, ఇదీ తీసేయాల్సిన శబ్దమని సాఫ్ట్‌వేర్‌కు చూపించాలి.

ఇక్కడే చెయ్యి అదుపులో ఉండాలి. ఎక్కువగా తీస్తే గరగరతో పాటే 'స', 'శ' అక్షరాల పదును పోతుంది. రాగం చివర గాయకుడు తీసే ఊపిరి, సన్నగా తగ్గే హార్మోనియం కూడా మాయమవుతాయి. గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు అనిపిస్తే హద్దు దాటినట్టే. కొంచెం గరగర మిగిలినా గొంతు నిలవాలి. రేపు ఇంకా మంచి సాఫ్ట్‌వేర్ వస్తే, దాచిన అసలు ఫైల్‌తో మళ్లీ ప్రయత్నించవచ్చు.

యూట్యూబ్‌లో పెట్టొచ్చా?

ఇంట్లో వినడానికి కాపీ చేసుకోవడం వేరు, నలుగురికీ పంచడం వేరు. మన చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్‌పై హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు ఉంటుంది. సాహిత్యం, సంగీతంపై హక్కులు వేరు. అవి రాసినవారు, బాణీ కట్టినవారు చనిపోయాక మరో 60 ఏళ్లు నడుస్తాయి. అప్‌లోడ్ బటన్ నొక్కేముందు ఈ లెక్క చూసుకోవాలి.

చివరిగా.. ఫైల్‌ను కనీసం రెండు చోట్ల దాచాలి. పేరులో పాట, గాయకుడు, లేబుల్‌పై నంబర్ రాసి, లేబుల్ ఫొటో కూడా పక్కనే పెట్టాలి. పని అయిందని రికార్డును పాత సామాన్లోడికి వేయొద్దు. నీడపట్టున నిలువుగా పెడితే అదే అసలైన బ్యాకప్.