చెంచాడు అంటే ఎంత?



ఈ నెల మన ఐదో తరగతి పిల్లలు గణితంలో లీటర్లు, మిల్లీలీటర్ల పాఠం మొదలుపెట్టారు. వెయ్యితో గుణించడం, వెయ్యితో భాగించడం వాళ్లకు రెండు రోజుల్లో వచ్చేస్తుంది. అసలు తికమక ఇంటికి వచ్చాకే. పుస్తకంలో మి.లీ. ఉంటుంది, ఇంట్లో మాత్రం చెంచాడు, గ్లాసుడు, కప్పుడు, ముంతెడు. "అమ్మా, మన చెంచా ఎన్ని మి.లీ.?" అని పిల్లలు అడిగితే మీ దగ్గర జవాబు ఉందా?

కూరలో ఉప్పు విషయంలో ఆ జవాబు లేకపోయినా గడిచిపోతుంది. జ్వరం మందు విషయంలో గడవదు. వైద్యులు, మందుల కంపెనీలు ఒక టీస్పూన్ అంటే 5 మి.లీ. అని, ఒక టేబుల్ స్పూన్ అంటే 15 మి.లీ. అని లెక్క వేసుకుంటారు. మన వంటింటి డబ్బాలో ఉన్న చెంచాలను ఆ లెక్కతో ఎవరూ తయారు చేయలేదు. ఒకే ఇంట్లో పంచదార డబ్బాలో చెంచా ఒక సైజు, పెరుగులో వేసేది ఇంకో సైజు. పైగా ఒకరు అంచుదాకా పోస్తే, ఇంకొకరు ఒలికిపోతుందని ముప్పావు వంతే పోస్తారు. చీటీ మీద ఇంగ్లీషులో టీస్పూన్‌కీ టేబుల్ స్పూన్‌కీ రాసే పొట్టి గుర్తుల్లో తేడా ఒక్క అక్షరమే. మందులో తేడా మూడు రెట్లు. అందుకే అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం 2015లో, పిల్లలకు తాగించే మందులను స్పూన్లలో రాయడం మానేసి మి.లీ.లోనే రాయాలని సూచించింది.

ఇంకో చిక్కు ఉంది, ఇది స్పూన్ కన్నా పెద్దది. మి.లీ. అనేది మందు పోసే ద్రవం ఎంతో చెబుతుంది. అందులో అసలు మందు ఎంత ఉందో చెప్పేది మి.గ్రా. పారాసిటమాల్‌నే చూడండి. కొన్ని సిరప్‌ల సీసా మీద "5 మి.లీ.లో 125 మి.గ్రా." అని, మరికొన్నింటి మీద "5 మి.లీ.లో 250 మి.గ్రా." అని ఉంటుంది. పసిపిల్లలకు ఇచ్చే చుక్కల మందులో సాధారణంగా ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది. డాక్టరు గారు 125 మి.గ్రా. ఇవ్వమన్నారనుకుందాం. మొదటి సిరప్ అయితే 5 మి.లీ., రెండోది అయితే 2.5 మి.లీ., చుక్కల మందు అయితే 1.25 మి.లీ. మాత్రమే. "మొన్న 5 మి.లీ. వేశాం కదా" అని చుక్కల మందు కూడా 5 మి.లీ. వేస్తే 500 మి.గ్రా. వెళ్తుంది, అంటే నాలుగు రెట్లు. పారాసిటమాల్ మోతాదు మించితే దెబ్బ తగిలేది కాలేయానికి. కాబట్టి ఇంట్లో తాతయ్య, అమ్మమ్మ మందు వేసే అలవాటు ఉంటే "ఒక చెంచా వేయండి" అని చెప్పి ఆఫీసుకు వెళ్లకండి. సీసాతో పాటు వచ్చిన కొలత మూతనో, సూది లేని సిరంజినో చేతికిచ్చి, దాని మీద గీత చూపించి వెళ్లండి. పిల్లల బరువును బట్టి మోతాదు మారుతుంది కాబట్టి మి.గ్రా. ఎంతో, ఆ సీసాకు ఎన్ని మి.లీ. అవుతుందో డాక్టరు గారినే అడిగి చీటీ మీద రాయించుకోండి.

అమ్మమ్మలను అన్నామని వాళ్ల కొలతలు తక్కువవని కాదు. పాలకూ నూనెకూ గిద్దె, సోల, తవ్వ వాడిన తరం వాళ్లది. నాలుగు గిద్దెలు ఒక సోల. అక్కడి నుంచి అన్నీ రెట్టింపులే: రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అంటే కుంచానికి 16 సోలలు. అమెరికా వాళ్ల కొలతలు చూడండి: రెండు కప్పులు పింట్, రెండు పింట్లు క్వార్ట్, నాలుగు క్వార్టులు గాలన్. గాలన్‌కు 16 కప్పులు! ఎవరూ ఎవరినీ చూసి రాయలేదు. తక్కెడ లేకుండా ద్రవాన్ని కచ్చితంగా పంచాలంటే సులువైన దారి రెండు ఒకేలాంటి గిన్నెల్లో సమానంగా పోయడమే. పదో వంతు చేయడం చేతికి రాదు, సగం చేయడం వస్తుంది. చిక్కల్లా ఊరికో సోల ఉండటమే. మన దేశంలో 1956లో చట్టం చేసి, 1958 అక్టోబరు నుంచి దశలవారీగా మెట్రిక్ పద్ధతికి మారడానికి ఇదొక కారణం.

విదేశాల్లో బంధువులున్న ఇళ్లకు ఇంకాస్త పని ఉంది. గాలన్ అంటే అమెరికాలో 3.785 లీటర్లు, పాత బ్రిటిష్ లెక్కలో 4.546 లీటర్లు. డల్లాస్‌లో ఉన్న మీ చెల్లెలు గాలన్ పాలు కొన్నానంటే, నాలుగు లీటర్లకు ఒక గ్లాసు తక్కువ అని లెక్క వేసుకోండి. ఔన్సు దాదాపు 30 మి.లీ., పాలసీసా మీద రెండు గీతలూ పక్కపక్కనే ఉంటాయి. కప్పు అమెరికాలో సుమారు 237 మి.లీ., ఆస్ట్రేలియాలో 250. టేబుల్ స్పూన్ అయితే ఆస్ట్రేలియాలో 20 మి.లీ. వీడియో చూసి చేసిన కేకు పొంగకపోతే పాపం ఓవెన్‌నే తిట్టకండి.

ఇప్పుడు మీ ఇంటి చెంచా సంగతి. ఒక మి.లీ. నీళ్లు దాదాపు ఒక గ్రాము తూగుతాయి. వంటింటి డిజిటల్ తూకం మీద ఖాళీ గిన్నె పెట్టి, సున్నా చేసి, మీ చెంచాతో పది చెంచాల నీళ్లు పోయండి. వచ్చిన గ్రాములను పదితో భాగిస్తే అదే మీ చెంచా, మి.లీ.లో. ఒక్క చెంచాను తూచితే చిన్న తూకాల్లో తప్పు వస్తుంది, అందుకే పది. తూకం లేకపోతే మందు కొలత మూతలోకి పోసి చూడండి. నీళ్లతోనే చేయాలి సుమా! నూనెతో చేస్తే లెక్క తప్పుతుంది. నూనె ప్యాకెట్ మీద ఒక లీటరుకు 910 గ్రాములు అని ఉండేది అందుకే. తేనె అయితే లీటరు కిలో నాలుగు వందల గ్రాముల దాకా తూగుతుంది. ఇది మీ అబ్బాయికో అమ్మాయికో చూపిస్తే, ఎందుకలా అని వాళ్లే అడుగుతారు.

పిల్లలను ఈ నెలాఖరులోగా ఇంట్లో ఉన్న రెండు చెంచాలు, ఒక టీ గ్లాసు, ఒక మంచినీళ్ల గ్లాసు, రైస్ కుక్కర్‌తో వచ్చిన కప్పు కొలిచి గణితం నోట్‌బుక్‌లో రాసుకు రమ్మన్నాం. కొలిచేటప్పుడు దయచేసి మీరు పక్కన ఉండండి, పోసే పని మాత్రం వాళ్లకే వదిలేయండి. వంటింట్లో కాసిని నీళ్లు ఒలికితే ఏమీ అనకండి.