నొయ్యల్ ఏటి వ్యాజ్యము

కోయంబత్తూరు సీమలో మన పెద్దలు ప్రత్తి పండించారు. తరువాత నూలు మిల్లులూ పెట్టారు. అందువల్ల మనలో సేద్యపు ఇళ్ళూ ఉన్నవి, బట్టల వ్యాపారపు ఇళ్ళూ ఉన్నవి. ఆ రెండు బ్రతుకుల నడుమ ఒక ఏటికోసం జరిగిన వ్యాజ్యము మన పాఠకులు తెలిసికోదగినది.

నొయ్యల్ పడమటి కనుమలలో వెళ్ళియంగిరి కొండలలో పుట్టి, కోయంబత్తూరు, తిరుప్పూరు మీదుగా పారి, కరూరు జిల్లాలో కావేరిలో కలుస్తున్నది. దారిపొడుగునా పూర్వులు ఆనకట్టలు కట్టి, వరదనీరు చెరువులకు చేరే ఏర్పాటు చేశారు.

తిరుప్పూరు బనియన్లకు పేరుపడ్డ ఊరు. ప్రత్తిగుడ్డకు రంగు పట్టాలంటే అద్దకపు తొట్టిలో ఉప్పు దండిగా వేయాలి. రంగు గుడ్డకు అంటినా ఉప్పు నీటిలోనే మిగులుతుంది. ఆ నీరు ఏళ్ళ తరబడి ఏటిలోకే పోయినది. 1992లో ఒరత్తుపాళయం వద్ద జలాశయం పూర్తి అయినది. పొలాలకు నీరందించవలెనని దాని ఉద్దేశం. కాని అందులో అద్దకపు నీరు వచ్చి నిలిచి, చుట్టుపట్ల బావులు కూడా ఉప్పెక్కినవి. పొలాలకు నీరు కోరిన రైతులే ఆ నీరు మాకు వద్దని మొరపెట్టుకొనే గతి పట్టినది.

రైతులు నొయ్యల్ నది ఆయకట్టుదారుల రక్షణ సంఘంగా కూడి, 2003లో మద్రాసు హైకోర్టుకు వెళ్ళారు. మేము గుమాస్తా పనిలో కాగితాల నడుమ బ్రతుకుతున్నవారము. ఒక అర్జీకి ఎన్ని నకళ్ళు జతపరచాలో, ఎన్ని వాయిదాలకు బస్సు చార్జీలు పెట్టుకోవాలో ఎరుగుదుము. వీరు విసుగు చెందలేదు. మురుగునీరు చుక్క కూడా బయటికి వదలరాదని 2006 డిసెంబరులో హైకోర్టు ఆదేశించినది. 2009 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా రైతుల పక్షమే పలికినది. అయినా ఉత్తరువు అమలు కాకపోగా, 2011 జనవరిలో అద్దకపు కార్ఖానాలన్నీ మూసివేయుమని హైకోర్టు ఉత్తరువు ఇచ్చినది.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఆ మూతతో రైతుకు ఊరట కలిగినా, దినకూలీల పొయ్యిలు ఆరినవి. తప్పు వారిది కాదు. బాధ మాత్రం వారిది. తరువాత కార్ఖానాలు నీటిని శుద్ధిచేసి మళ్ళీ వాడుకొనుటకు, మిగిలిన ఉప్పునీటిని ఇగురబెట్టి ఉప్పు తీయుటకు యంత్రాలు పెట్టుకొని తెరుచుకొన్నవి. అదే పని ముందే చేసి ఉంటే ఇరుపక్షాలకూ ఈ అగచాట్లు తప్పేవి గదా!

కోర్టు గుమ్మం ఎక్కకుండా పనిచేసేవారూ ఉన్నారు. అదే 2003లో కోయంబత్తూరులో 'సిరుతుళి' అనే ధర్మసంస్థ వెలసినది. చిన్న చుక్కలే పెద్ద వెల్లువ అవుతాయన్న అరవ సామెతే ఆ పేరుకు మూలం. చెరువుల పూడిక తీయుట, వాననీటిని భూమిలోకి ఇంకించుట వారి పని. 2013లో ఉక్కడం పెద్ద చెరువులో పూడిక తీయుటకు పౌరులు వేలాదిగా కదలివచ్చారు. ఉద్యోగస్థులు, విద్యార్థులు, గృహిణులు అందరూ మట్టి మోశారు.

ఏటికి ఇంకా పూర్తి ఆరోగ్యం చేకూరలేదు. ఊళ్ళ మురుగు దానిలోకి పోతూనే ఉన్నది. అందులో మన ఇంటి మురుగు కూడా ఉన్నదని మరువరాదు. తప్పు కార్ఖానాలదేనని చెప్పి మనము చేతులు కడుగుకొంటే, ఆ కడిగిన నీరు కూడా ఏటిలోకే చేరుతుంది. మన సంఘ సభ్యులు వాననీటి గుంటలను తీరిక చూసుకొని ఒకమారు శుభ్రము చేయించుకొనవలెనని మా మనవి.