ఆంగ్ల సంభాషణకు తెలుగు తోడు

ఒక భాషను చదివి అర్థం చేసుకోవడం వేరు. ఆ భాషలో అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు సమాధానం చెప్పడం వేరు. పుస్తకం ముందున్నప్పుడు ఆలోచించడానికి వ్యవధి ఉంటుంది. ఎదుట మనిషి కూర్చుని ప్రశ్నిస్తున్నప్పుడు ఆ వ్యవధి ఉండదు. ఆ తొందరలో తెలుగు విద్యార్థి నోటికి వచ్చే ఆంగ్ల వాక్యంలో పదాలు ఆంగ్లానివే అయినా, వాక్య నిర్మాణం చాలాసార్లు తెలుగుదే అవుతుంది.

అనంతపురం జిల్లాలో, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న కళ్యాణదుర్గం వంటి పట్టణాల విద్యార్థులకు ఇది చిన్న విషయం కాదు. జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఈ మెట్ట నేలలో వేరుశనగ పంటను నమ్ముకున్న కుటుంబాలు అనేకం. వానలు కురవని ఏడాది పని వెదుక్కుంటూ బెంగుళూరుకు వలస వెళ్ళేవారు ఎందరో. అటువంటి ఇంటి నుండి వచ్చి తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి, ఉద్యోగపు ఇంటర్వ్యూలోనో ప్రవేశ పరీక్షలోనో ఆంగ్లంలో నాలుగు వాక్యాలు చెప్పగలగడం బతుకుతెరువుతో ముడిపడిన అంశం. తప్పు దొర్లుతుందన్న జంకుతో నోరు విప్పని విద్యార్థి, తనకు తెలిసినదానిని కూడా చూపలేకపోతాడు.

విదేశాలలో చదువుకోదలచినవారి ఆంగ్ల పరిజ్ఞానాన్ని కొలిచే పరీక్షలలో 1989లో ప్రారంభమైన ఐ.ఇ.ఎల్.టి.ఎస్. ఒకటి. అందులో సంభాషణ పరీక్ష 11 నుండి 14 నిమిషాలు జరుగుతుంది. మొదటి నాలుగైదు నిమిషాలలో ఇల్లు, ఊరు, చదువు వంటి పరిచిత విషయాల మీద ప్రశ్నలు వేస్తారు. “చిన్నతనంలో మీకు సైకిలు ఉండేదా?” అన్నది ఆ కోవకు చెందిన ప్రశ్న. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అనే నాలుగు అంశాలను సమానంగా పరిగణించి మార్కులు వేస్తారు. అంటే వ్యాకరణం నాలుగింట ఒక వంతు మాత్రమే. ఒక తప్పుకు భయపడి మౌనం వహిస్తే తక్కిన మూడు వంతులకూ నష్టం కలుగుతుంది.

పై ప్రశ్నకు కళ్యాణదుర్గం ప్రాంతపు విద్యార్థి మనసులో మెదిలే సమాధానం ఇలా ఉండవచ్చు: “నాకొక సైకిలు ఉండేది. దినామూ బడికి సైకిల్లోనే పోతాంటి.” ఇది చక్కని తెలుగు. దీనినే మాటకు మాటగా ఆంగ్లంలోకి మార్చితే, “ఐ వాజ్ హావింగ్ వన్ సైకిల్. డైలీ ఐ వాజ్ గోయింగ్ టు స్కూల్ ఇన్ సైకిల్ ఓన్లీ” అవుతుంది. ఇందులోని ప్రతి దోషానికీ ఒక కారణం ఉంది.

తెలుగులో ‘కలిగి ఉండు’ అన్న అర్థానికి వాడుకలో ప్రత్యేకమైన క్రియ లేదు. ‘నాకు ఉంది’ అని చెబుతాం. ఆంగ్లంలో ఆ పని ‘హావ్’ అనే క్రియ చేస్తుంది. సొంతమన్న అర్థంలో ఆ క్రియకు ‘ఇంగ్’ చేర్చరాదు. కనుక ‘ఐ హాడ్’ అంటే చాలు. ‘ఒక’ అన్న మాట ఇక్కడ సంఖ్యను చెప్పదు. కాబట్టి దానికి ‘వన్’ కాక ‘ఎ’ సరిపోతుంది. ‘పోతాంటి’ అనే సీమ పలుకుబడి ‘పోతూ ఉంటిని’ అన్న రూపం నుండి వచ్చినది. అది అలవాటుగా జరిగిన పనిని తెలుపుతుంది. ఆంగ్లంలో అటువంటి గతకాలపు అలవాటుకు ‘యూస్డ్ టు’ వాడాలి. ‘సైకిల్లో’ అన్న విభక్తికి అక్కడ ‘ఇన్’ కుదరదు, ‘ఆన్’ కావాలి. ‘సైకిల్లోనే’ అనడంలో ఉన్న ఏకారపు నొక్కే చివరి ‘ఓన్లీ’గా మారింది. ఆంగ్లంలో ఆ నొక్కును స్వరంతోనే చూపవచ్చు. దిద్దిన వాక్యాలు ఇవి: “ఐ హాడ్ ఎ బైసికిల్. ఐ యూస్డ్ టు రైడ్ ఇట్ టు స్కూల్ ఎవ్రీ డే.”

కొన్ని దోషాలు అర్థాన్నే తారుమారు చేస్తాయి. “పంట వస్తే సైకిలు కొనిస్తానని మా నాయన అన్నాడు” అన్న వాక్యంలో ‘కొనిస్తాను’ అన్నది నాయన మాట. ‘అని’ చేర్చి ఎదుటివారి మాటను ఉన్నదున్నట్లు చెప్పడం తెలుగు పద్ధతి. దీనిని “మై ఫాదర్ సెడ్ దట్ ఐ విల్ బై ఎ సైకిల్” అంటే, సైకిలు కొనేవాడు తండ్రి కాక కొడుకు అవుతాడు. “మై ఫాదర్ సెడ్ దట్ హి వుడ్ బై మి ఎ బైసికిల్” అన్నప్పుడే తండ్రి ఇచ్చిన మాట తండ్రిదిగా నిలుస్తుంది.

మాతృభాష దోషాలకు కారణం కావడమే కాదు, వాటిని దిద్దుకునే మార్గం కూడా చూపుతుంది. “కింద పడ్డాను, అయినా తొక్కడం మానలేదు” అనడానికి చాలామంది “ఐ డిడ్ నాట్ స్టాప్డ్” అంటారు. తెలుగులో ‘మానాను’ అన్నదానికి వ్యతిరేకార్థం ‘మానలేదు’. ‘మానాను లేదు’ అని ఎవరూ అనరు. వ్యతిరేకార్థాన్నీ గడచిన కాలాన్నీ ‘లేదు’ తెలుపుతుంది కనుక ముందున్న క్రియకు కాల ప్రత్యయం అక్కరలేదు. ఆంగ్లంలోనూ ‘డిడ్ నాట్’ ఆ పని చేస్తుంది కనుక ‘స్టాప్’ అంటే చాలు. ఈ పోలికను ఒకసారి గ్రహించిన విద్యార్థి ఆ తప్పును సులభంగా విడిచిపెట్టగలడు.

ఆంగ్లం మాతృభాషగా గల చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చి, తెలుగును లోతుగా అభ్యసించారు. ఆంగ్లేయులకు తెలుగు నిర్మాణాన్ని వివరిస్తూ 1840లో వ్యాకరణ గ్రంథాన్ని ప్రకటించారు. నేటి సీమ విద్యార్థి అదే దారిలో ఎదురు దిశగా నడుస్తున్నాడు. భాషాశాస్త్రవేత్త పిట్ కార్డర్ 1967లో ప్రచురించిన వ్యాసంలో, నోరు జారి దొర్లే పొరపాటునూ, నియమం తెలియక పదే పదే వచ్చే దోషాన్నీ వేరు చేసి చూపారు. రెండవది అభ్యాసకుడు ఎంతవరకు నేర్చుకున్నాడో తెలుపుతుందని ఆయన వివరించారు. కాబట్టి దోషం మందబుద్ధికి గుర్తు కాదు. తరువాత నేర్వవలసినదానికి సూచన.

ఈ అభ్యాసానికి ఇద్దరు మిత్రులు, ఒక సెల్‌ఫోను చాలు. ఒకరు ప్రశ్న అడగాలి. మరొకరు నిమిషం పాటు చెప్పే సమాధానాన్ని ఫోనులో ముద్రించాలి. మాట్లాడుతున్నప్పుడు మధ్యలో అడ్డుపడి దిద్దరాదు. పూర్తయిన తరువాత ఇద్దరూ విని, ఒకసారికి ఒక రకం దోషాన్నే ఎంచుకోవాలి. ఈరోజు క్రియల కాలాన్ని, రేపు విభక్తులను సరిచూసుకోవాలి. దిద్దిన వాక్యాన్ని చూసి చదవడం కాక, అదే ప్రశ్నకు మరల కొత్తగా సమాధానం చెప్పాలి.

కంఠస్థం చేసిన సమాధానం కన్నా సొంత అనుభవం మేలు. సైకిలు లేనివారు లేదనే చెప్పవచ్చు. పరీక్షించేది ఆస్తిని కాదు, భాషను. గంటల లెక్కన అద్దె సైకిలు తెచ్చుకోవడం, పెద్దల సైకిలు ఎత్తుకు అందక కడ్డీ కింది నుండి కాలు దూర్చి తొక్కడం ఎందరో ఎరిగినవే. ఆ విద్యకు ఆంగ్లంలో పేరు తెలియకపోయినా, “ఐ పుట్ వన్ లెగ్ అండర్ ది బార్ అండ్ పెడల్డ్” అని తేలిక మాటలలో చెప్పవచ్చు. చెప్పదలచిన విషయం తనదైనప్పుడు మాటలు వెదుక్కునే ఓపిక వస్తుంది. తెలుగు వాక్యం ఎలా నడుస్తుందో ఎరిగినవాడు, ఆంగ్ల వాక్యం ఎక్కడ దారి తప్పిందో తానే కనిపెట్టి సరిదిద్దుకోగలడు.