బండి కిందికి దూరి చూడండి

తెలుగు నేల మీద ఎక్కువమంది కళ్లారా చూసిన ఇల్లులాంటి బండి ఏదంటే చైతన్యరథమే. పాత షెవర్లే వ్యానును ప్రచారానికి తగ్గట్టు మార్పించి, 1982లో ఎన్.టి. రామారావు దాని మీద ఊరూరా తిరిగారు. పైకెక్కి మాట్లాడటం, లోపలే నిద్ర, రోడ్డు పక్కనే స్నానం, భోజనం. నడిపింది కొడుకు హరికృష్ణ. ఆ తర్వాత 1985, 1989, 1994లలో రామారావు గెలిచింది మా హిందూపురం నుంచే. 1996లో అక్కడ ఉప ఎన్నిక వస్తే గెలిచింది ఆ రథసారథే. రథం తోలిన మనిషి రవాణా మంత్రి కూడా అయ్యారు.

అందుకే కాబోలు, కారవాన్ అన్న మాట మా వైపు ఎవరికీ కొత్త కాదు. పాత మెటాడోర్ ఒకటి కొని, వెనక పరుపూ గ్యాస్ పొయ్యీ పెట్టించి, రొళ్ల పక్కన రత్నగిరి కోట కిందో, లేపాక్షిలోనో ఒక రాత్రి గడపాలని ఆశపడేవాళ్లు ఉన్నారు. వాళ్లు మొదట అడిగేది ఒకటే: ఎంత పెట్టొచ్చు? దానికి జవాబు బండి మీద ఉండదు, కింద ఉంటుంది. ఎందుకో తెలియాలంటే ఈ జాతి బండ్లు పుట్టిన చోటికి ఒకసారి వెళ్లిరావాలి.

జర్మనీలో వోల్ఫ్స్‌బుర్గ్ ఫోక్స్‌వాగన్ ఫ్యాక్టరీలో సామాన్లు మోయటానికి బీటిల్ కారు భాగాలతోనే ఒక చదును బండి చేసుకున్నారు. డచ్చి వ్యాపారి బెన్ పాన్ కన్ను దాని మీద పడింది. 1947 ఏప్రిల్ 23న తన నోటుబుక్కులో పెట్టెలాంటి వ్యాను బొమ్మ గీశాడు: డ్రైవరు ముందు, ఇంజన్ వెనక, నడుమంతా ఖాళీ. మొదటి నమూనాను బీటిల్ అడుగు మీదే నిలబెడితే ఆ బరువుకు అది ఆగలేదు. దాంతో వేరే చాసిస్ లేకుండా, అడుగున ఉక్కు దూలాలు అతికి, బాడీనే బలంగా కట్టారు. మొరటుగా ఉన్న ముందు భాగాన్ని గాలి సొరంగంలో పరీక్షించి గుండ్రంగా మలిస్తే గాలి అడ్డుకునే గుణకం 0.75 నుంచి 0.44కి దిగింది. 1950 మార్చిలో ఉత్పత్తి మొదలైంది. ఇంజన్ 1131 సీసీ, శక్తి 25 గుర్రాలు. మరుసటేడే వెస్ట్‌ఫాలియా కంపెనీ మంచం, అల్మరా కలిసిన ‘క్యాంపింగ్ పెట్టె’ను అందులో అమర్చింది. బ్రెజిల్‌లో ఆ జాతి వ్యాన్లు 2013 చివరిదాకా తయారయ్యాయి. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ తప్పనిసరి కావటంతో అక్కడా ఆగిపోయాయి.

మన మెటాడోర్‌కూ ఈ కథతో బంధుత్వం ఉంది. హాంబుర్గ్‌లో విడాల్ కంపెనీ 1949లో తెచ్చిన టెంపో మెటాడోర్ మొదట నడిచింది ఫోక్స్‌వాగన్ ఇంజన్‌తోనే. సొంత వ్యాను వచ్చాక ఫోక్స్‌వాగన్ ఆ సరఫరా ఆపేసింది. ఆ విడాల్ సహకారంతోనే 1958లో మన దేశంలో బజాజ్ టెంపో మొదలై, తర్వాత పూణే దగ్గర అకుర్డిలో మెటాడోర్లు చేసింది. పెళ్లి బృందాలు, నాటక సమాజాలు, ఆర్కెస్ట్రాలు, టమాటా బుట్టలు, అన్నీ ఎక్కిన బండి అది.

ఇక అసలు సంగతి. ఫోక్స్‌వాగన్ వ్యానులాంటి వాటిలో బాడీయే అస్థిపంజరం. రేకు చెడితే అందం పోవటం కాదు, వెన్నెముక విరిగినట్టు. తుప్పు కూడా వట్టి మరక కాదు. ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ కలిస్తే జరిగే విద్యుత్ రసాయన చర్య అది. ఉప్పు కలిస్తే నీటిలో విద్యుత్తు సులువుగా పారుతుంది, చర్య వేగం అందుకుంటుంది. తుప్పుగా మారిన ఇనుము మునుపటికంటే రెండింతలకు మించి చోటు ఆక్రమిస్తుంది. అందుకే రెండు రేకులు అతికిన చోట మధ్యలో తుప్పు పుడితే అతుకు ఉబ్బుతుంది, పెయింటు పొక్కుతుంది. పైకి గోరంత పొక్కు కనబడిందంటే లోపల అరచేతంత పాడై ఉండొచ్చు.

పాత కారవాన్లకు ఇంకో శత్రువు ఉంది, లోపలి గాలి. రాత్రి ఇద్దరు పడుకుంటే వాళ్ల ఊపిరిలోని తేమ, పొయ్యి మీద మరిగే నీటి ఆవిరి చల్లని రేకుకు తగిలి చెమ్మగా మారతాయి. ఆ చెమ్మ ప్లైవుడ్ అల్మరా వెనక దిగి ఆరకుండా నిలుస్తుంది. బయట నిగనిగలాడుతూనే లోపలి నుంచి కుళ్లిన వ్యాన్లు ఇలాగే తయారవుతాయి. కాబట్టి అల్మరా ఎంత బాగున్నా దాని వెనక పలక ఒకటి ఊడదీసి చూపించమని అడగండి.

పరీక్షకు ఖరీదైన పరికరం అక్కర్లేదు. పలచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం చాలు. ఇనుము ఉన్నచోట గట్టిగా అంటుకుంటుంది. టింకరింగ్ షెడ్డులో దట్టంగా పుట్టీ పూసి రంగేసిన చోట పట్టు సడలుతుంది. సంతలో కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టు వేలి కణుపుతో కొట్టినా చాలు. రేకు ఖంగుమంటుంది, పుట్టీ మూగగా పలుకుతుంది. మెట్లు, చక్రాల గూళ్లు, జాకీ పెట్టే చోట్లు, ముందు అద్దం కింది అంచు, తుప్పు ముందుగా పట్టేది ఇక్కడే.

ఈ విషయంలో రొళ్ల, మడకశిర బండ్లకు ఒక మేలుంది. వాన తక్కువ, సముద్రపు ఉప్పుగాలి లేదు. మచిలీపట్నం, నెల్లూరు వైపు తిరిగిన బండికంటే ఇక్కడిదాని అడుగు రేకు పదిలంగా ఉండే అవకాశం ఎక్కువ. కానీ ఎండ మన రబ్బరును వదలదు. కిటికీ అంచులు, బ్రేకు గొట్టాలు, వైర్ల తొడుగులు పెళుసెక్కుతాయి. దుమ్ములోని ఇసుక ఎయిర్ ఫిల్టర్ దాటితే సిలిండర్ గోడలను అరగదీస్తుంది. డీజిల్ మెటాడోర్ ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి చూడండి. పొగ ఊపిరి కొట్టినట్టు ఎగదన్నుతుంటే మెకానిక్కు చెప్పే బ్యాక్ కంప్రెషన్ అదే, ఇంజన్ బోరుకు వచ్చినట్టు. పాత ఫోక్స్‌వాగన్‌లో అయితే మూడో సిలిండర్‌ను ముందు పరీక్షించాలి. ఆయిల్ చల్లబరిచే రేడియేటర్ ఫ్యాన్ గాలికి అడ్డు నిలవటంతో ఆ ఒక్క సిలిండర్ మిగతావాటికంటే వేడెక్కేది.

అయినా ఇంజన్ చెడిందని బండి వదులుకోవద్దంటాను. ఇంజన్ విప్పి కట్టొచ్చు, పరుపు కుట్టించొచ్చు. కుళ్లిన అడుగును తిరిగి కట్టాలంటే మాత్రం బండి ధరకు మించి ఖర్చవుతుంది. మా దగ్గరి ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. అలాంటి ఈ కాలపు కార్ల ఫ్యాక్టరీల్లో బాడీ మొత్తాన్ని ప్రైమర్ తొట్టెలో ముంచి, కరెంటు సాయంతో మూలమూలకూ పూత ఎక్కిస్తారు. 1950ల వ్యాన్లకు ఆ కవచం లేదు.

ధరలో సగం కాగితాలదే. 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మారని సొంత వాహనాలకు 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. కొత్తగా చేయించుకోవటానికి రుసుము 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్లు, నిత్యం రోడ్డు మీద తిప్పకూడదు. అంటే ఫ్యాక్టరీ రూపంలో నిలిచిన వ్యానుకు దక్కే గౌరవం, కప్పు కోసి పెంచినదానికి దక్కదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా బండి రూపం మార్చటం కూడా కుదరదు. మంచాలు బిగించి అమ్మేవాళ్లను ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కిందో లేదో అడగాలి.

రొళ్ల సరిహద్దు మండలం కాబట్టి ఇక్కడికి వచ్చే పాత బండ్లలో కేఏ నంబరువి తప్పవు. కర్ణాటక బండిని ఇక్కడే ఉంచుకోవాలంటే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ తెచ్చి, ఇక్కడ పన్ను కట్టి, కొత్త నంబరు వేయించాలి. చాసిస్ నంబరును ఆర్‌సీతో అక్షరం అక్షరం మీ కళ్లతో పోల్చి చూసుకోండి. తుప్పు తిన్న నంబరు చదవలేకపోతే అక్కడే ఆగిపోండి. అమ్మేవాడు జాకీ వేసి అడుగు చూపించనిదే, ఎన్‌ఓసీ చేతికి రానిదే, బయానా ఇవ్వకండి.