లఘుకౌముదీబోధనమున అధికారిభేదము

శాస్త్రారంభమున చెప్పబడు అనుబంధచతుష్టయమున అధికారి యొకడు. గ్రంథ మెవరికొఱకను ప్రశ్న తీరనిదే పూర్వులు రచనకు పూనుకొనలేదు. ప్రాచ్యకళాశాలలో పాఠము చెప్పువారికి ఈ ప్రశ్న నిత్యము ఎదురగుచుండును. శబ్దములు, ధాతువులు పాఠశాలలో కంఠస్థము చేసి వచ్చినవాడును, తెలుగుమీది మక్కువతో చేరి దేవనాగరలిపిని తడుముకొనుచు చదువువాడును ఒకే బల్లపై కూర్చుందురు. ఇరువురికిని పరీక్ష ఒక్కటియే.

ఈ విషయమున వరదరాజుని మార్గము పరిశీలింపదగినది. ఆయన గురువగు భట్టోజిదీక్షితుని సిద్ధాంతకౌముదిలో సూత్రములు సుమారు 4000. 17వ శతాబ్దిలో శిష్యుడు దానిని మధ్యకౌముదిగను, లఘుకౌముదిగను, అంతకంటెను చిన్నదగు సారకౌముదిగను సంగ్రహించెను. లఘుకౌముదీసూత్రములు సుమారు 1270. అయితే ఆయన తగ్గించుటతో తృప్తిపడలేదు, వరుసను మార్చెను. సిద్ధాంతకౌముదిలో అవ్యయముల పిమ్మట స్త్రీప్రత్యయ, కారక, సమాస, తద్ధితములు ముగిసినగాని తిఙంతము రాదు. లఘుకౌముదిలో అవ్యయముల వెంటనే తిఙంతము, కృదంతము వచ్చును. స్త్రీప్రత్యయములు చిట్టచివరకు పోయినవి. సుబంతము నేర్చిన బాలునికి క్రియ త్వరగా అందినచో వాక్యము చిక్కునని ఆయన తలచినట్లు ఊహింపవచ్చును. పుటలు తగ్గించుటయే సౌలభ్యమని భావించు పాఠ్యప్రణాళికాకర్తలు గమనింపవలసిన అంశ మిది.

కాని ఇందలి కారకప్రకరణము మిక్కిలి స్వల్పము, 16 సూత్రములు మాత్రమే. తెలుగువిద్యార్థికి ఇది చాలదు. 'పులికి భయపడును' అను వాడుకను అనుసరించి అతడు 'వ్యాఘ్రాయ బిభేతి' అని వ్రాయును. భయహేతువునకు అపాదానసంజ్ఞ చెప్పు సూత్రము లఘుకౌముదిలో లేదు. దానిని అధ్యాపకుడే సిద్ధాంతకౌమిదినుండి తెచ్చి చెప్పవలెను. అదృష్టవశమున ఈ విద్యార్థికి చిన్నయసూరి బాలవ్యాకరణము పరిచితము. భయమునకు హేతువగుదానికి వలనవర్ణకము వచ్చునని అందు చదివియే యున్నాడు. 'పులివలన' అని గుర్తుచేసినంతనే 'వ్యాఘ్రాత్' అని తానే సవరించుకొనును. ఏమియు రానివాడని వెనుక కూర్చుండబెట్టినవాని చేతిలోనే తాళపుచెవి యున్నది.

పాఠశాలనుండి వచ్చినవానికి ఈ విభక్తిచర్చ విసుగు పుట్టించును. అదే వాక్యమునందలి 'బిభేతి' రూపమును సాధింపుమని వానికి చెప్పవచ్చును. శ్లువు, ద్విత్వము, అభ్యాసహ్రస్వము, జశ్త్వము, గుణము అన్నియు అందు కలవు. ఒక్కొక్కప్పుడు వీడును ద్విత్వముకడ ఆగిపోవును. అప్పుడు ఆ గంటలో ఇరువురును నిజముగా విద్యార్థులే యగుదురు.